యంత్రంలో లేని అక్షరం

చెయ్యవలసినవి వరసగా ఇవి.
గోడ ప్లగ్గు పీకి పది లెక్కపెట్టడం.
పెట్టె పక్కరేకు ఊడదీసి దుమ్ము ఊదడం.
మెమరీ ముక్కను బయటికి లాగి, దాని పచ్చటి పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ కూర్చోబెట్టడం.
డిస్కు తీగలు రెండూ వదులయ్యాయేమో చూడటం.
ఇన్‌స్టలేషన్ సీడీ అడగడం. ఉండదని తెలిసినా అడగడం.
సీడీ లేకుండా యంత్రాన్ని లేపడం.
రేపు మధ్యాహ్నానికి రాజధాని చేరవలసిన జాబితా బతికుందో లేదో తేల్చడం.
అసిల్కాన్ ఎజే ముఖం చూడకుండా పని ముగించడం.

ఆఖరిది పెరిజాత్ నోటుపుస్తకంలో రాయలేదు. అది రాసుకోకుండానే గుర్తుంటుంది. ఎజే అంటే అక్క, ఇక్కడ వయసులో పెద్దవాళ్ళైన ఆడవాళ్ళందరినీ అలాగే అంటారు. పైన రాసినవాటిలో ఐదింటికి అప్పుడే టిక్కు పడింది. భోజనాల వేళ పాలీక్లినిక్ తలుపులు మూశారు. రిజిస్ట్రేషన్ గదిలో ఆమె ఒక్కతే, ఎదురుగా నల్లటి తెర, తెర మీద తెల్లటి రష్యన్ అక్షరాలు: ఇన్‌స్టలేషన్ డిస్కు పెట్టి మళ్ళీ ప్రారంభించండి. ఆ డిస్కు ఎక్కడుందో కూడా తేలింది. ఈ గది గుమాస్తా అసిల్కాన్ మొగుడు దాన్ని తళతళలాడుతోందని కారు అద్దానికి వేలాడగట్టుకున్నాడట, మూడేళ్ళయిందట. ఆ కారుతో ఆయన బొగ్గుకోసం వెళ్ళాడు. ఒకవేళ వచ్చినా ఎండకు మాడి, తాడుకు ఒరిసి, గీతలు పడిన ఆ డిస్కును ఏ యంత్రం చదువుతుంది? అయినా నేను వెతుక్కొస్తానంటూ అసిల్కాన్ శాలువా తలకు చుట్టుకుని బయల్దేరింది. పోయేముందు పెరిజాత్ రెండు బుగ్గలూ పట్టుకుని, నీ చుట్టూ తిరిగిపోతానమ్మా, నువ్వొచ్చావు, నా ప్రాణం కుదుటపడింది అంది. నీ చుట్టూ తిరిగిపోతాను. నీకు రావలసిన కీడు నాకు రానీ అని. ఆ మాట ఆమె అందరితోనూ అంటుంది. రోగులతో అంటుంది, దూడతో అంటుంది, కాగితం నమిలేసిన ప్రింటరుతో అంటుంది. అమ్మతో కూడా అంది. తిరగాల్సినవాళ్ళు తిరగలేదు, పోవాల్సినవాళ్ళు పోలేదు, అమ్మ పోయింది.

యంత్రాన్ని ఆపి, లేపుతూ, మొదటి వరసలోని ఎనిమిదో మీటను టకటక కొట్టింది. వైద్యుడు మోకాలి మీద కొట్టినట్టు. నాలుగోసారికి కాలు లేచింది, అంటే తెర రంగు మారింది, లోపలెక్కడో దాచిపెట్టిన మరమ్మతు దారి దొరికింది. లోపాలు వెతుకుతున్నాను, గంట దాటవచ్చు అని చెప్పి యంత్రం తన పనిలో పడింది. కింద ఒక పచ్చగీత ఎడమనుంచి కుడికి పరుగెడుతుంది, మళ్ళీ ఎడమనుంచి మొదలెడుతుంది. ఎంత అయిందో చెప్పదు, ఎంత ఉందో చెప్పదు. చేతులకు పని లేదు. చేతులకు పని లేకపోతే పెరిజాత్‌కి వచ్చే ఆలోచన రెండేళ్ళుగా ఒకటే, ఈ ఆడమనిషిని ఎలా దెబ్బకొట్టాలి అన్నది. బస్సులో వస్తుంది ఆ ఆలోచన, పొయ్యి ముట్టించేటప్పుడు వస్తుంది, పక్క జిల్లాలో బడి కంప్యూటర్లు బాగుచేస్తుంటే వస్తుంది. ఈ ఊళ్ళో కంప్యూటరు ముట్టుకున్న ప్రతివాళ్ళనీ ప్రోగ్రామిస్టు అంటారు, ఆ లెక్కన తనూ ప్రోగ్రామిస్టే. వంశంలో మొదటి డిగ్రీ. నాన్న గొర్రెల కాపరుల మధ్య మా ప్రోగ్రామిస్టు అని చెప్పుకుంటాడు. నాన్నకు పగ లేదు. దేవుడిచ్చిన రోజులు అంతేనమ్మా అన్నాడు, గుర్రమెక్కి మేతకు పోయాడు. పగ ఎవరో ఒకరు మొయ్యాలి కదా, చదువుకున్నది మోస్తోంది.

అమ్మ పేరు జఙిల్. మనం బళ్ళో ఙ నేర్చుకుంటాం గాని అది వాడే సందర్భం రాక మరిచిపోతాం. ఆ కొండల్లోవాళ్ళ భాషకు అది పొద్దున లేస్తే కావలసిన అక్షరం. వాళ్ళ లిపిలో అది న లాంటి అక్షరమే, కుడికాలి కింద చిన్న తోక ఉంటుంది. తోక ఉంటే ఙ, లేకపోతే న. జఙిల్ అంటే పొరబడు అని. తాతకు వరసగా నలుగురు ఆడపిల్లలు. మూడోదానికి బురుల్, అంటే తిరుగు అని పేరు పెట్టాడు, అదృష్టం తిరగలేదు. నాలుగోదానికి విసిగి జఙిల్ అన్నాడు, ఈసారైనా విధి పొరబడి మగపిల్లాణ్ణి పంపాలని. పంపింది. నేను తప్పుని, నా వెనకాల ఒప్పు పుట్టాడు అని అమ్మ నవ్వేది, తమ్ముడి వీపు చరిచి. బడి వంటింట్లో పనిచేసేది. మెట్టెక్కితే ఆయాసం, ఆ తర్వాత మెట్టు లేకపోయినా ఆయాసం, గుండె కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. రాజధానిలో ఏడాదికి రెండుసార్లు ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు, జిల్లాకిన్ని అని. పేర్లు ఇక్కడే, ఈ గదిలోనే, ఈ మీటల మీదే కొడతారు. మీటలు అరిగిపోయాయి, స్టిక్కర్ల అంచులు లేచిపోయాయి, న అక్షరం మీద అసిల్కాన్ గోరు చేసిన గుంట ఉంది. పెరిజాత్ ఆ గుంటలో తన వేలు పెట్టి చూసింది. సరిగ్గా పట్టింది. చిరాకేసి వేలు పైజామాకు తుడుచుకుంది.

కాగితం చూసి అమ్మ అడిగిందట, నా పేరుకి తోక ఏది అని. అసిల్కాన్ అందట, ఈ యంత్రంలో ఆ అక్షరం లేదు ఎజే, నీ చుట్టూ తిరిగిపోతాను, అక్కడివాళ్ళకు తెలీదూ. అమ్మ ఇంటికొచ్చి దాన్నే హాస్యం చేసింది. యంత్రంలో నా అక్షరం లేదట, యంత్రానికి కూడా నేను తప్పేనట. పెరిజాత్ అప్పుడు రాజధానిలో ఉంది, ఫోనులో విని తనూ నవ్వింది, పని ఎగ్గొట్టేవాళ్ళకి యంత్రం దొరికింది చూడమ్మా అంది. అక్షరం లేదు! అక్షరం లేకపోవడమేమిటి, రెండు నొక్కులు నొక్కితే వస్తుంది, నొక్కడానికి బద్ధకం. ఫిబ్రవరిలో అమ్మ వంతు వచ్చింది. అమ్మ సంచీ సర్దుకుంది, కొత్త చెప్పులు, ఉన్ని మేజోళ్ళు, డాక్టర్లకు ఇవ్వడానికి ఎండు పెరుగు ఉండలు. రాజధానిలో పాస్‌పోర్టు నకలు చూసి, ఈమె జఙిల్, మా జాబితాలో ఉన్నది జనిల్, ఇద్దరూ ఒకరేనని ధ్రువపత్రం తెండి అని పాలీక్లినిక్‌కి ఉత్తరం రాశారు. ఉత్తరం అసిల్కాన్ బల్ల మీదికొచ్చింది. అసిల్కాన్ దాన్ని సొరుగులో పడేసి మేనల్లుడి పెళ్ళికి పోయింది. పోయివచ్చి సొరుగు తెరవలేదు. సంచీ తలుపు పక్కనే ఉంది, దాని మీద పిల్లి పడుకునేది. మార్చి పదకొండు పొద్దున అమ్మ పొయ్యిలోకి బొగ్గు వేద్దామని వంగి, మళ్ళీ లేవలేదు. మూడోనాడు ఉత్తరం ఇంటికొచ్చింది.

పచ్చగీత పరుగెడుతోంది. కిటికీ అవతల కొండ మీద నిన్న రాత్రి కురిసిన మంచు, ఇవతల పాలీక్లినిక్ గొట్టంలోంచి పొగ. ఎవరో తలుపు తట్టి, మూసుందని తిట్టుకుని పోయారు. ఉత్తరం సొరుగులో పదమూడు రోజులు ఉంది, పెరిజాత్ తపాలా ముద్ర చూసి లెక్కగట్టింది. పదమూడు రోజులు. ఇంటి ముందు శోకపు గుడారం వేసినప్పుడు ఆ పదమూడు రోజుల మనిషి వచ్చి, లోపల ఆడవాళ్ళ వరసలో కూర్చుని, పక్కటెముకలు పట్టుకుని అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, చెయ్యి కడుక్కుని, మాంసం తిని, పోతూ పోతూ పెరిజాత్ బుగ్గలు పట్టుకుంది. ఆ బుగ్గలు రెండేళ్ళుగా కాలుతున్నాయి. ఆ ఏడుపుకు ఏమివ్వాలి? ఎన్నో అనుకుంది. యంత్రం లేపినప్పుడల్లా తెర నిండా అమ్మ పేరు తోకతో సహా వచ్చేట్టు చెయ్యాలనుకుంది, అసిల్కాన్ చచ్చేదాకా పొద్దున్నే ఆ పేరు చదవాలి. ఆమె పింఛను కాగితాల్లో ఆమె పేరుకే ఒక అక్షరం తగ్గించాలనుకుంది, తిరగనీ ఆఫీసు ఆఫీసుకూ, నేనే అసిల్కాన్‌ని అని ధ్రువపత్రాలు పట్టుకుని. చిన్నపిల్లల కసి అది, తనకే నవ్వొచ్చింది. కాని ఇవాళ పొద్దున పెద్ద డాక్టరు స్వయంగా ఫోను చేశాడు. జాబితా ఆ ఒక్క యంత్రంలోనే ఉంది, వేరేచోట నకలు పెట్టమని మూడుసార్లు చెప్పాను, పెట్టలేదు, రేపటికి పంపకపోతే మన వంతు పక్క జిల్లాకి పోతుంది, నలభై ముగ్గురు ఉన్నారమ్మా, ఈసారి గనక పోతే ఆవిణ్ణి ఆ కుర్చీలో ఉంచను అన్నాడు. పగ తీర్చుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన ముహూర్తం ఉంటుందా?

నలభై ముగ్గురికీ హాని చెయ్యకూడదు. అది బస్సులోనే తేల్చుకుంది. అమ్మ కూతురు ఇంకొకరి సంచీని తలుపు పక్కన నిలబెట్టదు. లోపలికి వెళ్ళగలిగితే, ముందు జాబితాను తన ఫ్లాష్ డ్రైవులోకి ఎక్కించుకోవాలి. ఆ తర్వాత ఒక్క వరస ఆజ్ఞ కొట్టి డిస్కును తుడిచెయ్యాలి. డిస్కు చచ్చింది, జాబితా ఒక్కటే అతి కష్టం మీద దక్కింది అని పెద్ద డాక్టరు చేతికే ఇవ్వాలి. జాబితా వెళుతుంది, రోగులు వెళతారు. ఏళ్ళ తరబడి రికార్డు పోగొట్టిన మనిషిగా అసిల్కాన్ ఇంటికి వెళుతుంది, పింఛనుకు మూడేళ్ళ ముందు. ఎవరికీ అనుమానం రాదు, చచ్చిన డిస్కుకు సాక్ష్యం ఉండదు. ఎంత న్యాయంగా ఉందో చూసుకుని పెరిజాత్ మనసులోనే రెండుసార్లు చదువుకుంది, పరీక్షకు ముందు చదువుకున్నట్టు. చదువుకున్నకొద్దీ గుండె నెమ్మదించింది. అమ్మ గుండె ఇలా నెమ్మదించి ఉంటే బావుండేది.

గీత ఆగింది. యంత్రం తనంతట తాను బాగుచేసుకోలేకపోయిందట, చేత్తో చేసుకోమంది. ముందు కీబోర్డు ఎంచుకోమని పెద్ద పట్టిక చూపించింది, ఎక్కడెక్కడి దేశాల పేర్లో. ఇంగ్లీషు ఎంచుకుంది. తర్వాత, ఈ యంత్రాన్ని నిలబెట్టిన మనిషి పేరూ రహస్యపదమూ చెప్పమంది. ఉన్నది ఒకే పేరు: ప్రాక్టికా-3. అది చూడగానే ఏదో గుర్తొచ్చీ రానట్టుంది. మూడో ఏడు చదువుతుండగా వేసవి ప్రాక్టికాకు, అంటే పని శిక్షణకు, ముగ్గుర్ని సొంత జిల్లాకే పంపారు, ఆస్పత్రికీ బడికీ పోస్టాఫీసుకీ కలిపి పదకొండు యంత్రాలు నిలబెట్టారు, ఎవరు ఏది చేశారో ఎవరికి గుర్తు? వాళ్ళలో ఎవరో ఒకరు. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు కొట్టింది, కాదంది. ఇన్‌స్టిట్యూట్ పేరు కొట్టింది, కాదంది. ఇక్కడివాళ్ళు రహస్యపదం పెట్టుకునే పద్ధతి ఒకటుంది. మీటల మీద రెండు లిపులూ ఉంటాయి గనక యంత్రాన్ని ఇంగ్లీషులో ఉంచి, వేళ్ళతో తమ మాట కొడతారు. చూసేవాడికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, కొట్టేవాడికి ఇంటి మాట. ఎవరి ఇంటి మాటో ఎలా తెలుస్తుంది అని ఆలోచిస్తూ ఉండగా ఆమె వేళ్ళు కదిలాయి. ఆమె అడగలేదు, వాటంతట అవే కదిలాయి. సెమికోలన్, ఎఫ్, వై, ఎస్, కె. తలుపు తెరుచుకుంది.

పెరిజాత్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సెమికోలన్ అంటే జ ఉన్న మీట. ఎఫ్ అంటే అ. వై అంటే న. ఎస్, కె. జనిల్. వేలికి న గుంట ఇంకా తగులుతున్నట్టే ఉంది. జనిల్, తోక లేని జనిల్, అమ్మ పేరుని ఇరవై ఏళ్ళ వయసులో తనే ఇలా కొట్టింది, ఈ కుర్చీలోనే కూర్చుని, ఎందుకంటే అప్పుడీ యంత్రంలో ఆ అక్షరం లేదు. లేదు. ఆ వేసవి మొత్తం కళ్ళముందుకొచ్చింది, డిస్కుల కట్ట, పుచ్చకాయ ముక్కలు, శుక్రవారం సరస్సుకు పోయే వ్యాను మూడింటికల్లా బయల్దేరుతుందని తొందర. ఇంకో కీబోర్డు చేర్చాలా అని యంత్రం అడిగింది. రష్యన్ ఉంది, ఇంగ్లీషు ఉంది, ఇంకేం కావాలి? రష్యన్‌లో లేని ఆ మూడు సొంత అక్షరాలూ ఇంట్లో మాట్లాడుకోవడానికి. పొయ్యి దగ్గరవి, గొర్రెల దగ్గరవి. చదువుకున్నవాళ్ళ యంత్రానికి వాటితో పనేముంది అనుకుంది. అనుకుందా? అనుకోను కూడా లేదు. తర్వాత అన్న మీట నొక్కింది. అంతే. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. వంశంలో మొదటి డిగ్రీ తర్వాత అన్న మీట నొక్కింది. యంత్రానికి కూడా నేను తప్పేనట అని అమ్మ నవ్వుతుంటే ఫోనులో తనూ నవ్వింది.

నల్లటి తెర మీద చిన్న తెల్లగీత వెలుగుతూ ఆరుతూ ఆజ్ఞకోసం చూస్తోంది. ముందు జాబితా. ఫ్లాష్‌లోకి ఎక్కించి తెరిచి చూసింది, చదవడానికే చూసింది. నలభై ముగ్గురూ ఉన్నారు. తొమ్మిదో పేరు దగ్గర కన్ను ఆగింది. జనిబెక్. ఊళ్ళో జనిబెక్‌లు ఉంటారు, జఙిబెక్‌లూ ఉంటారు, ఒకటి ప్రాణం, ఒకటి కొత్త, రెండూ మంచి పేర్లే. ఇతనెవరు? పాస్‌పోర్టులో ఏముంది? పదిహేడోది, ఇరవై రెండోది, ముప్ఫై ఒకటోది. తోకలన్నీ తెగి, అందరూ ఒకే రకంగా నిలబడి ఉన్నారు. ఈ జాబితా పెద్ద డాక్టరు చేతికిస్తే రేపు పోతుంది, ఫిబ్రవరిలో ఉత్తరాలై తిరిగొస్తుంది. యంత్రానికి తెలియదు. డిగ్రీకి తెలియదు. ఏ జనిబెక్ ఏ జఙిబెక్కో ఈ జిల్లాలో ముఖం చూసి చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, పదిహేనేళ్ళుగా ఈ కిటికీలో కూర్చున్నది. తుడిచెయ్యడానికి మొదలుపెట్టిన వరసలో నాలుగు అక్షరాలు పడి ఉన్నాయి. పెరిజాత్ వాటిని ఒక్కొక్కటే వెనక్కి తీసింది. క్షమించిందని కాదు. పగ ఉన్నచోటే ఉంది. కాకపోతే దానికి ఇంతకాలం ఒకే ముఖం ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి, రెండోదాన్ని రోజూ అద్దంలో చూడాలి.

సరైన ఆజ్ఞ కొట్టింది, యంత్రం లేచే దారిని మళ్ళీ రాసింది. ఇంకో మూడు నిమిషాలకు తెర మీద పచ్చటి మైదానం, మబ్బులు. యంత్రం లేచింది. కీబోర్డుల పట్టిక తెరిచి, ఆరేళ్ళ కిందట చెయ్యవలసినది చేసింది, నాలుగు నొక్కులు. అప్పుడే అసిల్కాన్ ఆయాసపడుతూ వచ్చింది, శాలువా మీద మంచు పొడి, చేతిలో తాడుకు వేలాడుతున్న డిస్కు. ఎర్రటి కుచ్చు కూడా ఉంది దానికి. తెర చూసి డిస్కును వెనక దాచుకుంది, సిగ్గుపడ్డట్టు.

"కూర్చో ఎజే" అంది పెరిజాత్. ముఖం చూసే అంది. "ఉత్తరం పదమూడు రోజులు నీ సొరుగులో ఉంది."

అసిల్కాన్ నీ చుట్టూ తిరిగిపోతాను అనలేదు. రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుంది. శాలువా విప్పి ఒళ్ళో మడత పెట్టుకుంది.

"పద్నాలుగు" అంది. "సాయంత్రం తపాలా సంచీలో వచ్చింది. ముద్ర మర్నాటి తేదీతో వేశారు. నేనూ లెక్కపెట్టుకున్నానమ్మా."

"ఈ యంత్రంలో అక్షరాలు పెట్టింది నేను. పెట్టనిదీ నేనే."

"తెలుసు. పుచ్చకాయ కోసి పెట్టాను మీకు, మరిచిపోయావా? మీ అమ్మ తోకేదని అడిగినప్పుడు, నీ కూతుర్నే అడుగు అని నోటిదాకా వచ్చింది. నిన్ను తలుచుకుంటే ఆవిడ ముఖం ఎలా ఉండేదో నీకు తెలీదు. చెప్పలేకపోయాను. మనిషిని పంపించండి, అక్షరం పెట్టించండి అని పెద్దాయనకు రెండుసార్లు చెప్పాను. అదీ గట్టిగా చెప్పలేదనుకో. సొరుగు మాత్రం నాదే. దానికి ఏమంటావో అను."

ఏమనాలి? అనడానికి ఒక్కటీ మిగల్లేదని కాదు, ఏది అన్నా సగం తనకే తగులుతుంది. పెరిజాత్ లేచి కుర్చీ ఆమెకు వదిలి పక్కన నిలబడింది. న మీటను ఎలా నొక్కాలో, కుడిపక్క ఆల్ట్‌తో కలిపి, రెండుసార్లు చూపించింది. తెర మీద ఙ పడింది, తోకతో. అసిల్కాన్ కళ్ళద్దాలు పైకి తోసుకుని దాన్ని కాసేపు చూసింది.

"మొదటినుంచి చదువు ఎజే" అంది పెరిజాత్. "తోక ఎవరికి ఉందో చెప్పు."

రెండున్నర దాకా చదివారు. బయట కిటికీ తట్టేవాళ్ళు తట్టారు, తిట్టేవాళ్ళు తిట్టారు. తొమ్మిదో జనిబెక్ పై మేతనించి వచ్చినవాడు, కుంటివాడు, కొత్త అని అర్థం వచ్చేవాడు, జఙిబెక్. పదిహేడో అతనికి తోక లేదు, వాళ్ళ నాయన ప్రాణం అనే పెట్టాడు. ముప్ఫై ఒకటోది ఏడేళ్ళ పిల్ల, తఙ్‌సులూ, వేకువ అందం, వాళ్ళమ్మ ఒట్టి గయ్యాళి, పాస్‌పోర్టు కాగితం ముఖాన కొట్టింది గనక బాగా గుర్తుంది. తొమ్మిది తోకలు పడ్డాయి. ఆ కింద పాత జాబితాలో, రెండేళ్ళ కిందటిదానిలో, వెనక్కి వచ్చినవి అన్న గడిలో ఇంకో పేరుంది. అసిల్కాన్ చెయ్యి అక్కడ ఆగింది, పెరిజాత్ వైపు చూడకుండా మీటలు రెండూ కలిపి నొక్కింది. దానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. పెరిజాత్ వద్దనలేదు. మూడింటికి జాబితా వెళ్ళిపోయింది.

వీళ్ళిద్దరూ ఆ తర్వాత స్నేహితులయ్యారని చెప్పను, కాలేదు. వీధిలో ఎదురైతే ఆరోగ్యం ఎలా ఉందని ఒకరినొకరు అడుగుతారు, అంతే. వాళ్ళను మీరు మరిచిపోయినా నాకు అభ్యంతరం లేదు. జఙిల్‌ని మాత్రం గుర్తుంచుకోండి. తప్పు అని పేరు పెట్టించుకున్న మనిషి, ఆ బడి వంటింట్లో ఇరవై తొమ్మిదేళ్ళు మూడువందల మంది పిల్లలకు వండి, ఒక్కనాడూ ఉప్పు ఎక్కువా తక్కువా చెయ్యలేదు.